కేజీఎఫ్ గుట్టలు తవ్వే ముందు కింది నీళ్లు చూడండి

2001 ఫిబ్రవరి 28న కర్ణాటకలోని కోలార్ బంగారు గనులు (కేజీఎఫ్) మూతపడ్డాయి. ఆగిపోయిన జీతాల గురించి, పాడుబడిన క్వార్టర్ల గురించి, పొద్దున్నే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరులో పనికి వెళ్లొచ్చే జనం గురించి చాలామంది రాశారు. గనితో పాటు ఆగిపోయిన ఇంకో పని గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. లోపల ఊరే నీటిని రాత్రింబవళ్లు పైకి తోడిన పంపులు కూడా నిలిచిపోయాయి. ఆ తర్వాత సొరంగాలు నీళ్లతో నిండుతూ వచ్చాయి.

ఇప్పుడు ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. కేజీఎఫ్‌లో మిగిలిన 13 వ్యర్థ గుట్టల్లో సుమారు 3.3 కోట్ల టన్నుల మట్టి ఉంది. ఊళ్లో వాటిని సైనైడ్ గుట్టలనే అంటారు. వాటిని తవ్వి, మిగిలిన బంగారం రాబట్టాలన్న కేంద్రం ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం సరేనంది. వెయ్యి ఎకరాల పైచిలుకు నేల అది. బంగారం ధర ఇంత పెరిగాక, టన్నుకు గ్రాము కూడా రాని మట్టి సైతం గిట్టుబాటుగానే కనిపిస్తుంది. రెండు దశాబ్దాలకు పైగా పని లేక చెదిరిపోయిన ఊరు, మళ్లీ నాలుగు ఉద్యోగాలు వస్తాయని ఆశపడటంలో తప్పేమీ లేదు.

ఆ పనికి నేను అడ్డు చెప్పడం లేదు. ఒక్క షరతు మాత్రం వదులుకోకూడదని నా గట్టి అభిప్రాయం. గుట్టలో మొదటి పార పడకముందే, దాని కింద, చుట్టుపక్కల భూగర్భ జలాల మీద పూర్తి స్థాయి దర్యాప్తు జరగాలి. అంకెలు జనం ముందు పెట్టాలి. తవ్వకం మొదలయ్యాక ఎవరి బోరులోనైనా తేడా కనిపిస్తే, అది వందేళ్ల పాత విషమా, నిన్న చేరినదా అన్నది తేల్చడం దాదాపు అసాధ్యం. పాత సంస్థ కొత్త కంపెనీని చూపిస్తుంది, కొత్త కంపెనీ పాత సంస్థను చూపిస్తుంది. మధ్యలో రైతు కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు.

ఈ గుట్టలు ఎలా వచ్చాయో ముందు చూద్దాం. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ కంపెనీ ఇక్కడ అడుగుపెట్టింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చుకుని, లోతుకు పోతూ పోతూ చాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్లు దాటింది. 1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం, 1972 నుంచి భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ పేరుతో కేంద్ర సంస్థ దీన్ని నడిపాయి. ఇంతకాలంలో సుమారు 800 టన్నుల బంగారం బయటికొచ్చింది. రాయిని పిండిలా నూరి, తొలినాళ్లలో పాదరసంతో, తర్వాత సైనైడ్ ద్రావణంతో బంగారాన్ని వేరుచేశారు. మిగిలిన బురదను పక్కన పోశారు. ఆరిపోయి గుట్టలైంది అదే. అడుగున ప్లాస్టిక్ పొర వేయాలన్న ఆలోచన అప్పటి కాలానిది కాదు. వాన పడ్డప్పుడల్లా ఇంకే నీరు ఆ పిండి గుండా దిగి నేలలోకే పోతుంది.

గాలికాలంలో గుట్టల దుమ్ము ఊరి మీదికి వస్తుంది, ఇళ్లలో గిన్నెల మీద పేరుకుంటుంది. కంటికి కనపడుతుంది కాబట్టి దుమ్ము గురించి గొడవ జరిగింది, గుట్టల మీద చెట్లు పెంచే ప్రయత్నాలూ జరిగాయి. నీటికి ఆ అదృష్టం లేదు. సీసాలో తేటగా ఉంటుంది. ఆర్సెనిక్ అనే విషం ఉన్నా రంగు మారదు, రుచి తెలియదు.

కేజీఎఫ్ కింద ఉన్నది గట్టి రాతి నేల. ఇసుక పొరల్లో నీరు ఒక పద్ధతిగా పారినట్టు ఇక్కడ పారదు. పైన కొంత లోతు వరకు శిథిలమైన రాయి, దాని కింద రాతి పగుళ్లు. నీరు ఆ పగుళ్ల వెంటే నడుస్తుంది. ఒక చేనులో బోరు చెడిపోయి, గట్టు అవతలి బోరు బాగానే ఉండటం ఇలాంటి నేలలో మామూలే. పైగా ఇక్కడ పగుళ్లతో పాటు మనిషి తవ్విన వందల కిలోమీటర్ల సొరంగాలు, లెక్కకు మించి పాత షాఫ్టులు, అంటే గనిలోకి దిగే నిలువు బావులు, ఉన్నాయి. ఇక్కడి గనుల్లో ఒకటైన మైసూరు మైన్ దగ్గర దిగిన నీరు ఎక్కడ తేలుతుందో ఉపరితలం వాలు చూసి చెప్పలేం.

పంపులు ఆగడానికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, గని నడిచినంత కాలం లోపలి రాయికి గాలి తగులుతూ ఉంటుంది. గంధకం కలిసిన ఖనిజాలు గాలికి నెమ్మదిగా మారి, గోడల మీద కరిగే లవణాలుగా పేరుకుంటాయి. పంపులు ఆగి నీరు పైకి లేచినప్పుడు ఆ లవణాలన్నీ ఒక్కసారిగా అందులో కలుస్తాయి. ప్రపంచంలో మూతపడిన చాలా గనుల్లో మొదటి కొన్నేళ్ల నీరే అన్నిటికన్నా చెడ్డది కావడానికి కారణం ఇది. కోలార్‌లో ప్రధాన బంగారు పొర ఎక్కువగా క్వార్ట్జ్ రాయి. గంధక ఖనిజాలు ఎక్కువగా ఉన్నది కొన్ని పక్క పొరల్లోనే. కాబట్టి కొన్ని బొగ్గు గనుల్లోలాగా ఘాటైన ఆమ్ల నీరు ఇక్కడ ఉండకపోవచ్చు. దాన్ని చూసి స్థిమితపడటానికి లేదు. ఆర్సెనిక్ కదలడానికి ఆమ్లం అక్కర్లేదు. మామూలు నీటిలోనూ అది ప్రయాణిస్తుంది. తాగునీటిలో దానికి మన దేశ ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాము.

ఇక సైనైడ్. గని మూతపడి ఇన్నేళ్లయ్యాక ఎవరైనా బోరు నీళ్లు పట్టుకెళ్లి, సైనైడ్ లేదని రిపోర్టు తెచ్చి చూపించవచ్చు. ఆ రిపోర్టు నిజమే అయి ఉండవచ్చు. దానివల్ల తెలిసేది మాత్రం చాలా తక్కువ. విడిగా ఉన్న సైనైడ్ ఎండకు, గాలికి, సూక్ష్మజీవులకు త్వరగానే విరిగిపోతుంది. ఇనుముతో జతకట్టినది అలా పోదు. గుట్ట లోపల చీకట్లో ఏళ్ల తరబడి అలాగే కూర్చుంటుంది, వెలుతురు తగిలితే మళ్లీ కొద్దికొద్దిగా విడిపోతుంది. విరిగిపోయినది కూడా మాయం కాదు. థయోసైనేటుగా, అమ్మోనియాగా, చివరికి నైట్రేటుగా మారుతుంది. అందుకే విడి సైనైడ్, మొత్తం సైనైడ్, థయోసైనేటు, అమ్మోనియా, నైట్రేటు, సల్ఫేటు కలిపి చూస్తేనే గుట్ట నుంచి ఏం దిగిందో అర్థమవుతుంది. గుట్టను తవ్వడమంటే చీకట్లో ఉన్నదాన్ని వెలుతురులోకి తేవడం, ఎండినదాన్ని మళ్లీ తడపడం. పైగా ఆ మట్టి నుంచి బంగారం తీయడానికి ఇప్పటికీ ఎక్కువగా వాడేది సైనైడే.

శాంపిల్ తీయడం చిన్న పనిలా కనిపిస్తుంది. కేసులు ఓడిపోయేది మాత్రం ఎక్కువగా అక్కడే. బోరు ఆన్ చేయగానే వచ్చే నీరు కేసింగ్ పైపులో నిలవ ఉన్న నీరు, నేల కింది నీరు కాదు. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత), విద్యుత్ వాహకత రీడింగులు ఒకచోట నిలబడేదాకా నీటిని వదిలేయాలి. ఆ తర్వాతే సీసా పట్టాలి. అదీ ఒక్క సీసా చాలదు. లోహాల కోసం పట్టిన నీటిని అక్కడికక్కడే సన్నని ఫిల్టరులో వడకట్టి, నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేయాలి. లేకపోతే లోహాలు సీసా గోడకు అంటుకుపోతాయి. సైనైడ్ కోసం పట్టిన నీటికి సరిగ్గా దీనికి విరుద్ధంగా కాస్టిక్ సోడా వేసి పీహెచ్ 12 దాటించాలి, వెలుతురు తగలకుండా ఐస్ పెట్టెలో పెట్టాలి. ఆ సీసాలో పొరపాటున యాసిడ్ పడితే సైనైడ్ వాయువుగా మారి ఎగిరిపోతుంది. ల్యాబ్‌కు చేరేసరికి నీరు నిర్దోషిగా తేలుతుంది. పోల్చి చూడటానికి స్వచ్ఛమైన నీటితో ఒక సీసా, అదే బోరు నుంచి జంట సీసా, ఊరివాళ్ల సంతకంతో సీలు, ఇంకో ల్యాబ్‌కు అందులో సగం. ఇవన్నీ ఉంటేనే ఆ అంకెకు కోర్టులో విలువ. ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు పట్టి కలెక్టరేట్‌కు తీసుకెళ్లే రైతు బాధ నిజమైనదే, ఆ సీసా మాత్రం సాక్ష్యంగా నిలవదు. ఎలా పట్టాలో అతనికి నేర్పే బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

ఎక్కడ పట్టాలన్నది ఇంకా ముఖ్యం. కేంద్ర భూగర్భ జల మండలికి దేశమంతటా పరిశీలక బావులున్నాయి. ఏడాదికి నాలుగుసార్లు నీటిమట్టం, మామూలుగా ఒకసారి నాణ్యత చూస్తారు. జిల్లా మొత్తం ఎలా ఉందో చెప్పడానికి అది పనికొస్తుంది. ఒక గుట్ట కింద ఏం జరుగుతోందో దానికి దొరకదు. ప్రతి గుట్టకూ ఎగువన ఒకటి, దిగువన కనీసం రెండు మూడు పీజోమీటర్లు, అంటే నీటిని పరిశీలించే గొట్టపు బావులు, కావాలి. ఒక్కోటి రెండు లోతుల్లో ఉండాలి. శిథిల రాతిలో నీరు వేరు, లోపలి పగుళ్లలో నీరు వేరు. రైతుల బోర్లు మాత్రమే చూస్తే అన్ని లోతుల నీరూ కలిసిపోయి, గాఢత తగ్గినట్టు కనిపిస్తుంది. గుట్టను పైనుంచి అడుగు దాకా కోసి, లోపలి తడిని పిండి పరీక్షించాలి. షాఫ్టుల్లో నిలిచిన నీటిని పైన, మధ్యలో, కింద విడివిడిగా చూడాలి. వేసవిలో ఒకసారి, వానలు వెలిసిన తర్వాత ఒకసారి, ఇలా కనీసం రెండేళ్లు. ఉప్పు ఎక్కువైన నీరు నేల కింద ఎంతవరకు పాకిందో విద్యుత్ నిరోధకత సర్వేతో గీత గీయవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ)లో ఈ విద్య తెలిసినవాళ్లున్నారు. విదేశీ కన్సల్టెంట్ల కోసం వెతకాల్సిన పని లేదు.

ఇంత శ్రమ ఎందుకంటే, కోలార్ జిల్లా నీటిలో ఏది కనిపించినా దానికి ఒకటికి మించి కారణాలుంటాయి. ఫ్లోరైడ్ అక్కడి రాతిలోనే ఉంది, దానికి గని కారణం కాదు. నైట్రేటు మురుగు నుంచి రావచ్చు, యూరియా నుంచి రావచ్చు, గనిలో పేల్చిన మందు నుంచి రావచ్చు, సైనైడ్ నుంచీ రావచ్చు. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కేసీ వ్యాలీ పథకం కింద కోలార్ చెరువులకు వదులుతున్నారు, అదీ భూమిలోకి ఇంకుతోంది. ఇన్ని దారులున్నప్పుడు సంస్థలు ఇది సహజమేనని తేల్చేయడం తేలిక, ఉద్యమకారులు అంతా సైనైడేనని తేల్చేయడమూ తేలికే. ఈ రెండో తొందర వల్ల జనానికి జరిగే నష్టం తక్కువేమీ కాదు. ఒక్క ఆరోపణ తప్పని తేలితే మిగిలినవన్నీ కొట్టేస్తారు. నైట్రోజన్ ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న నైట్రోజన్ రూపాలు) చూస్తే మురుగు నైట్రేటును చాలావరకు వేరుచేయవచ్చు. థయోసైనేటు దొరికితే యూరియా మీదికి నెట్టడం కష్టం.

ఈ వాదులాట మనకు కడప జిల్లాలో బాగా తెలిసినదే. తుమ్మలపల్లె యురేనియం ప్లాంటు వ్యర్థాల చెరువు వల్లే తమ బోర్లు చెడిపోయాయని కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె వైపు రైతులు ఏళ్లుగా చెబుతున్నారు. అరటి తోటలు దెబ్బతిన్నాయని, ఒంటిమీద దురదలని వాళ్ల గోడు. ఆ రాతిలో యురేనియం సహజంగానే ఉంది కదా అన్నది అవతలి వాదన. ఉన్నమాట నిజమే. ఆ ప్లాంటులో ఖనిజాన్ని కరిగించేది సోడియం కార్బొనేటుతో కాబట్టి, చెరువు నుంచి ఊట దిగితే యురేనియం ఒంటరిగా రాదు, సోడియం, కార్బొనేటు, సల్ఫేటు వెంటబెట్టుకుని వస్తుంది. ప్లాంటు పెట్టక ముందు ఆ బోర్లలో ఈ నాలుగూ ఎంతెంత ఉండేవో ఊరిలో అందరికీ తెలిసేలా రాసిపెట్టి ఉంటే ఇంత రచ్చ ఉండేది కాదు. అక్కడ గని నడుస్తున్నప్పుడే ఇంత కష్టమైతే, ఎప్పుడో మూతపడినచోట ఎంత కష్టమో ఆలోచించండి.

చట్టం ఏం చెబుతుందో చూస్తే నాకు కోపం వస్తుంది. గని మూసేటప్పుడు మూసివేత ప్రణాళిక ఇవ్వాలన్న నిబంధన 2003 ఏప్రిల్‌లో వచ్చింది. కేజీఎఫ్ అప్పటికి రెండేళ్ల ముందే మూతపడింది. కలుషిత స్థలాల నిర్వహణకంటూ దేశంలో మొదటిసారి 2025 జులైలో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అనుమానిత స్థలాలను జిల్లా యంత్రాంగం గుర్తించాలి, గడువు లోపల ప్రాథమిక పరీక్ష, తర్వాత సమగ్ర పరీక్ష జరపాలి, బాధ్యుడెవరో తేల్చి ఖర్చు రాబట్టాలి. చదువుతుంటే ఇదే కదా కావలసింది అనిపిస్తుంది. కానీ గనుల తవ్వకం వల్ల వచ్చిన కాలుష్యం మామూలుగా ఈ నిబంధనల కిందికి రాదు. దానికి వేరే చట్టాలున్నాయన్నది కారణం. ఆ వేరే చట్టాల్లో మూసివేత నిబంధన కేజీఎఫ్‌కు వర్తించేనాటికి కేజీఎఫ్ లేదు. ఒక చట్టానికి ఆలస్యమై, ఇంకో చట్టానికి బయటై, 13 గుట్టలు మధ్యలో మిగిలాయి. కేంద్రం ఈ మినహాయింపును సవరించాలి, కనీసం 2003కు ముందు మూతపడిన గనుల మట్టుకైనా.

బాధ్యుడు మూతపడ్డ సంస్థ కదా, ఎవర్ని పట్టుకోవాలి అని అడిగేవాళ్లున్నారు. ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1996లోనే జవాబిచ్చింది. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర బిఛ్ఛడీ గ్రామంలో రసాయన ఫ్యాక్టరీల వ్యర్థాలు నేలలోకి దిగి బావుల నీళ్లు రంగు మారి పనికిరాకుండా పోయాయి. తీర్పు వచ్చేనాటికి ఆ ఫ్యాక్టరీలు నడవడం లేదు. అయినా నష్టం చేసినవాడే బాగుచేసే ఖర్చంతా భరించాలని కోర్టు చెప్పింది. డబ్బు కట్టకుండా సాగదీసినందుకు 2011లో చక్రవడ్డీ కూడా వేసింది. అక్కడ బాధ్యుడు ప్రైవేటు యజమాని, ఇక్కడ చివరి యజమాని కేంద్ర ప్రభుత్వం. ప్రైవేటువాడికి వర్తించిన సూత్రం ప్రభుత్వానికి ఇంకా ఎక్కువగా వర్తించాలి.

అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని బ్యూట్ రాగి గనులు కూడా మనకు పనికొచ్చే ఉదాహరణ. 1982లో అక్కడా పంపులు ఆపేశారు, సొరంగాలు, పెద్ద గుంత విషపు నీటితో నిండసాగాయి. ఊరి భూగర్భ జలాల్లోకి ఈ నీరు వెనక్కి పారకుండా ఉండాలంటే మట్టం ఎంత దాటకూడదో అధికారులు ముందే నిర్ణయించారు. దశాబ్దాల పాటు చుట్టూ ఉన్న బావుల్లో మట్టం కొలుస్తూ వచ్చారు. ఆ గీత చేరకముందే 2019లో నీటిని తోడి శుద్ధి చేయడం మొదలైంది, కంపెనీల ఖర్చుతో. కేజీఎఫ్ షాఫ్టుల్లో నీరు ఏ మట్టానికి వస్తే ప్రమాదమో ఒక గీత గీయమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

తెలుగు పాఠకుడికి ఇది పక్క రాష్ట్రం గొడవ అనిపించవచ్చు. కేజీఎఫ్‌లో పనిచేసినవాళ్లలో తమిళుల తర్వాత చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు చాలామంది. ఆ పక్కనుంచే పోయే పాలారు తర్వాత కుప్పం ప్రాంతంలోకి, అక్కణ్ణుంచి తమిళనాడులోకి వెళుతుంది. అంతకన్నా దగ్గరి సంగతి, అదే భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ కుప్పం దగ్గర చిగురుగుంటలో, అనంతపురం వైపు రామగిరిలో కూడా బంగారం తవ్వి, అదే కాలంలో మూసేసింది. ఆ చిగురుగుంట–బిసానత్తం బ్లాకు తర్వాత వేలంలో కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్ఎండీసీకి దక్కింది. కర్నూలు జిల్లా జొన్నగిరిలో కొత్త గని వచ్చింది. చిగురుగుంటలో పాత తవ్వకాల కింద నీరు ఇవాళ ఎలా ఉందో, జొన్నగిరి చుట్టుపక్కల ప్రతి బోరులో ఇవాళ్టి అంకెలేమిటో ఆంధ్రప్రదేశ్ భూగర్భ జల శాఖ ఇప్పుడే తీసి పంచాయతీల్లో పెట్టాలి. పదేళ్ల తర్వాత తీసుకుందామంటే ఈ అంకెలు ఎక్కడా దొరకవు.

ఈలోపు ఊరూరా ఆర్ఓ ప్లాంటు పెట్టి సమస్య తీరిందనడం మనకు అలవాటైపోయింది. క్యాను నీళ్లు మనిషి తాగుతాడు. ఆవు తాగదు. పాలకు, పట్టుకు పేరున్న కోలార్‌లో మల్బరీ తోటలు, టమాటా చేలు, పాడి పశువులు అన్నీ బోర్ల మీదే బతుకుతున్నాయి. ఆర్ఓ యంత్రం వదిలేసిన చిక్కటి నీరు కూడా మళ్లీ కాలువలోకే, నేలలోకే పోతుంది.

ఖర్చు ఎవరు పెట్టాలన్న దాంట్లో నాకు సందేహం లేదు. గుట్టల మీద వచ్చే ఆదాయంలోంచి గనుల మంత్రిత్వ శాఖే ముందుగా పెట్టాలి. తవ్వే కంపెనీతో దర్యాప్తు చేయించకూడదు, తన పరీక్షకు తానే మార్కులు వేసుకోవడం అవుతుంది. టెండరు పత్రంలో గుట్టగుట్టకీ బావుల పటం, రెండేళ్ల అంకెలు, షాఫ్టుల్లో దాటకూడని నీటిమట్టం ఉండాలి. అంకె ఆ గీత దాటితే పని ఎన్ని గంటల్లో ఆగిపోవాలో, రైతుకు నీళ్లు ఎవరు ఎప్పటిదాకా ఇవ్వాలో రాసి ఉండాలి. ఆ పట్టికలు రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేటల్లో కన్నడ, తమిళం, తెలుగు మూడు భాషల్లో అతికించాలి, సరిహద్దు ఇవతల గుడుపల్లె, రామకుప్పం మండలాఫీసులకు కూడా పంపాలి. ఇవి లేకుండా టెండరు పిలిస్తే, కర్ణాటక ప్రభుత్వం తన అనుమతిని నిలిపివేయాలి.